దొర గదిలో ఇటుకల వీధి

ఆ రోజుల్లో ఒమన్ మొత్తానికి రైలు నడిచింది ఒక్క గదిలోనే. మస్కట్ పక్కన కురుమ్‌లో, మా కంపెనీ ఇంగ్లీషు దొర బంగళాలో, ఏసీ పెట్టిన వెనక గదిలో. జానెడు ఇంజను, దాని వెనక నాలుగు పెట్టెలు. గోడల వెంట వేసిన చెక్క బల్లల మీద గది చుట్టూ తిరిగి మళ్లీ మొదలైన చోటికే వచ్చేవి. బయట మేమంతా కొండలు పగలగొట్టి రోడ్లు వేస్తుంటే, లోపల ఆ పెద్దమనిషి తన చిన్నప్పటి ఊరు కట్టుకుంటున్నాడు.

డెబ్బయిల నడుమ సంగతి ఇది. నేను గోదావరి జిల్లాలో డిప్లొమా చేసి వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా ఆవిడ రూవి దగ్గర హాస్పిటల్లో నర్సు. నిజానికి ఉద్యోగం వచ్చింది ఆవిడకి, ఆవిడ వెనకాల వచ్చినవాణ్ని నేను. ఈ మాట ఎవరైనా గుర్తుచేస్తే నాకు ఒళ్లు మండేది. అలాంటివాడికి దొర ఇంట్లోంచి పిలుపు వచ్చిందంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

పిలుపుకి కారణం నా చేతిరాత. ప్లాన్ల మీద నేను రాసే అక్షరాలు అచ్చు వేసినట్టుండేవి. ఈ చెయ్యే నాకు కావాలి అన్నాడు దొర. ఉత్తర ఇంగ్లండులో నూలు మిల్లుల ఊరు ఆయనది. ఆ ఊళ్లో కూలీలు ఉండే వీధి ఫోటోలు ఆరేడు నా ముందు పరిచాడు. పక్క గోడలు పంచుకుంటూ వరసగా నిలబడ్డ ఇళ్లు. కింద రెండు గదులు, పైన రెండు, గుమ్మం తీస్తే నేరుగా వీధి. మన రైల్వే క్వార్టర్లలాగే, కాకపోతే మేడలు, మసిబారినవి. అలాంటివి పది ఇళ్లు అట్టతో కట్టాలి. నాలుగు మిల్లీమీటర్లకి ఒక అడుగు లెక్క. చూసినవాడికి బొమ్మ అనిపించకూడదు, ఇప్పుడే ఎవరో తలుపేసుకుని మిల్లుకి వెళ్లారనిపించాలి అన్నాడు.

మొదటి ఇల్లు కట్టి పట్టుకెళ్లాను. దాన్ని కళ్లెదురుగా ఎత్తిపట్టుకుని, కిటికీల మీద ఇవేమిటి అని అడిగాడు. సన్‌షేడ్లు అన్నాను. కిటికీ ఉంటే దాని మీద సన్‌షేడ్ ఉంటుంది, ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యి దానంతటదే గీసేస్తుంది. దొర నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. మా ఊళ్లో ఎండ వస్తే జనం పనులు మానుకుని వీధిలోకి వచ్చి నిలబడేవాళ్లు, దాన్ని ఆపడానికి గోడకి రెక్కలు కట్టినవాడివి నువ్వొక్కడివే అన్నాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి బ్లేడుతో వాటిని కోసేస్తున్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఆ తర్వాత మూడు ఇళ్లు తప్పు లేకుండా కట్టాను. మా ఆవిడ హాస్పిటల్లో పారేసే ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చేది. వేడినీళ్లలో నానబెట్టి రుద్దితే నలుపంతా పోయి కిటికీ అద్దాలయ్యేవి. కట్లు కట్టే గాజు గుడ్డ ముక్కలు కిటికీ తెరలయ్యేవి. ప్రతి శుక్రవారం పొద్దున్నే కంపెనీ బండి వచ్చి నన్ను తీసుకెళ్లేది. అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం, మాకు చర్చి ఆరాధన కూడా ఆ రోజే. "దేవుడికి వారానికి ఒక్కరోజే ఇచ్చారు, అదీ దొరకి రాసిచ్చేశారా?" అనేది మా ఆవిడ. నేను పట్టించుకుంటేనా? ఆ ఇంటికి ముందు గుమ్మంలోంచి వెళ్లే ఇండియన్ని నేనొక్కణ్నే. దొర తాగే కప్పుల్లాంటి కప్పులోనే టీ. శనివారం ఆఫీసులో మలయాళీ డ్రాఫ్ట్స్‌మన్లు ఇద్దరూ, నిన్న ఎక్కడికెళ్లావు అని తెలిసి తెలిసీ అడిగేవారు. వాళ్ల మొహాలు చూస్తుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. ఎదుటివాడు కుళ్లుకుంటుంటే అది చూసి బతకడం ఎంత రుచో, అది తిన్నవాడికే తెలుస్తుంది.

నా నాలుగిళ్లు చూసి దొర "చాలా నీట్‌గా ఉన్నాయి" అనేవాడు. దాన్ని మెప్పే అనుకున్నాను.

తర్వాత జరిగినదానికి ఎవర్నీ అనడానికి లేదు. కొరివితో తల గోక్కున్నాను. రైలు దూరడానికి ఒక కొండ, దానికో సొరంగం కావాలన్నాడు దొర. కొండంటే ప్లాస్టర్ కలపాలి, చేతులు పాడవుతాయి. అది నా స్థాయి పని కాదనిపించింది. మా సైట్‌లో కడప నుంచి వచ్చిన మేస్త్రి ఒకడున్నాడు, సాయిబు. నలభై అయిదేళ్లుంటాయి, తక్కువ మాట, చేతిలో పనిమంతుడని పేరు. నాకోసం వచ్చే కంపెనీ బండిలోనే ఎక్కించుకుని నేనే తీసుకెళ్లాను.

మేస్త్రి వెళ్లిన రోజు కొండ పని మొదలుపెట్టలేదు. బల్ల మీద ఫోటోలుంటే వాటి మీదికి వంగి, వేలితో దేన్నో లెక్కపెడుతూ ఉండిపోయాడు. ఏమిటి మేస్త్రీ అన్నాను.

"సార్, బొమ్మలో గోడ మీరు గీసినట్ల ల్యా," అన్నాడు. "ఐదు వరసలు పొడుగిటుక ఉండాది, ఆరో వరసకు అడ్డిటుక. మళ్ల ఐదు, మళ్ల ఒగటి. లెక్కబెట్టి సూడండి."

పొడుగిటుక అంటే గోడ మీద ఇటుక పొడుగంతా కనబడేది, అడ్డిటుక అంటే దాని చివర మాత్రమే కనబడేది. నా నాలుగిళ్ల మీదా ఒక వరస పొడుగు, ఒక వరస అడ్డం, మళ్లీ పొడుగు, మళ్లీ అడ్డం గీశాను. మాకు డిప్లొమాలో నేర్పిన కట్టుబడి అదే. మన దగ్గర ఇంగ్లీషువాళ్లు కట్టించిన కోర్టులూ కలెక్టరాఫీసులూ అన్నీ అలాగే ఉన్నాయి. వాళ్లు మనకి నేర్పిందే వాళ్లింట్లోనూ కట్టుకుని ఉంటారు కదా అని ఫోటోలో గోడ వైపు నేను సరిగా చూడనే లేదు. "నువ్వు తాపీ పట్టుకో మేస్త్రీ, లెక్కలు నాకొదిలెయ్యి," అన్నాను.

ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అని అడిగాడు దొర. చెప్పక తప్పలేదు. భూతద్దం తెచ్చి లెక్కపెట్టాడు. ఐదు, ఒకటి. ఐదు, ఒకటి. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పదేళ్లు ఆ గోడకేసి బంతి కొట్టి ఆడాను, నేనే ఇది చూడలేదు అన్నాడు. ఎందుకలా కట్టారో అడగమన్నాడు.

"కూలోళ్లకు కట్టిన ఇండ్లు గదా సార్," అన్నాడు మేస్త్రి. "ఇట్ల కడితే జల్దీ పనైపోతాది. గోడ నిలబడితే సాలు. సొగసు ఎవురికి గావాల?"

ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే దొర మొహం మారిపోయింది. మిల్లు యజమాని కట్టించిన ఇళ్లవి, దొర వాళ్ల నాన్న ఎప్పుడూ ఈ మాటే అనేవాడట. ఆ రోజు మేస్త్రికి కూడా కప్పులో టీ వచ్చింది. అలాంటి కప్పులోనే. నా కడుపులో అప్పుడు మొదలైంది మంట, ఏ మందుకీ తగ్గేది కాదది.

మళ్లీ శుక్రవారానికి మేస్త్రి ఒక ఇల్లు కట్టాడు. అట్ట నేను కోసిచ్చిందే, కొలతలు నావే. కానీ నాలాగా ఇటుకలు కాగితం మీద గీసి అంటించలేదు. అట్ట మీద ప్లాస్టర్ పల్చగా పూసి, సగం ఆరాక గొడుగు ఊచతో ఒక్కొక్క ఇటుక గీశాడు. ఏ రెండూ ఒక్కలా లేవు. కిటికీ పైన రాయి ఒకవైపు వెంట్రుకవాసి కుంగింది. ఒక చోట గోడ పగిలితే ఎవరో కొత్త సున్నం మెత్తినట్టుంది. కిరసనాయిలు దీపం మసి వేలితో అద్దాడు, పొగగొట్టం కింద ఎక్కువ, చూరు కింద తక్కువ. అక్కడి ఆడవాళ్లు వారం వారం గుమ్మం మెట్టు కడిగి అంచుకి తెల్లరాయి రుద్దేవారని దొర ఎప్పుడో చెప్పాడు. అది విని నేను నా ఇళ్లకి స్కేలు పెట్టి తెల్ల గీత గీశాను. మేస్త్రి కూడా గీశాడు, కాని కాళ్లు పడే నడిమి చోట దాన్ని తుడిచేశాడు.

దొర చూసి కళ్లజోడు తీసేశాడు. మా ఇల్లు అన్నాడు. తర్వాత దాన్ని తీసుకెళ్లి స్టేషన్ పక్కన, గదిలోకి రాగానే కనబడే చోట పెట్టాడు. అక్కడున్న నా నాలుగిళ్లూ సొరంగం రావాల్సిన మూలకి, బొగ్గు గుట్ట వెనక్కి జరిగాయి. అక్కడికి ఇంజను కూతే వినబడుతుంది, చూసే కళ్లు చేరవు.

నేను ఎలాంటివాణ్నో అప్పటి నుంచి నాకే బాగా తెలిసింది. మేస్త్రికి ఇంగ్లీషు రాదు, దొరకి హిందీ నాలుగు ముక్కలకి మించి రాదు. ఇద్దరి మధ్య వంతెన నేనే. ఈ మనిషి కళ్లు నాకుంటే ఇంకా పెద్ద ఇంజనీరునయ్యేవాణ్ని అని చెప్పు, అనేవాడు దొర. "బాగుందంటున్నారు," అనేవాణ్ని మేస్త్రితో. వాన పైపు కింద గోడ పచ్చగా నాచు పట్టి ఉండాలి సార్ అని మేస్త్రి అంటే, అక్కడ నాచు పెడదామని మేము అనుకుంటున్నాం అని దొరతో చెప్పేవాణ్ని. మెప్పు అటు వెళ్లేటప్పుడు సగం దారిలో నా జేబులో పడేది. అయినా కడుపు నిండేది కాదు. పన్నెండింటికి మేస్త్రి జుమ్మా నమాజుకి వెళ్లేవాడు. ఆ గంటసేపే దొర నాకు ఒంటరిగా దొరికేవాడు. ఆ గంటలో కూడా ఆయన వాకిలి వైపే చూసేవాడు, ఇంకా రాలేదేం అని.

మా ఆవిడ కనిపెట్టేసింది. "ఏవండీ, ఆ సాయిబుగారి పేరెత్తితే మీ మొహం ఆముదం తాగినట్టవుతుంది," అంది. నీ మొహం అన్నాను.

నాలుగు నెలల్లో మేస్త్రి కొండా సొరంగంతో పాటు అయిదు ఇళ్లు కట్టాడు. నావి నాలుగు ఎక్కడున్నవి అక్కడే. మిగిలింది ఒక్కటి, వీధి చివరి ఇల్లు, స్టేషన్‌లోంచి వచ్చే రైలుకి ఎదురుగా కనబడేది. అది మేస్త్రితోనే అని దొర మనసులో ఉందని నాకు తెలుసు. అది కూడా అతనిదే అయితే నేను ఆ గదిలో ఎందుకు? అట్టలు కోసివ్వడానికీ, మాటలు మోయడానికీ. ముందు గుమ్మంలోంచి వెళ్తేనేం, పనివాణ్నే కదా.

అప్పుడే సైట్ మేనేజరు ఆఫీసుకొచ్చాడు. రైసూత్ రేవు దగ్గర కంపెనీకి కొత్త పని వచ్చింది. రాతిపని, ఇటుకపని రెండూ తెలిసిన హెడ్ మేస్త్రి కావాలి, రెండేళ్లు అక్కడే ఉండాలి, నీకెవరైనా తెలుసా అన్నాడు. రైసూత్ అంటే సలాలా అవతల, మస్కట్‌కి వెయ్యి కిలోమీటర్లు. అటువైపు కొండల్లో సుల్తాను సైన్యానికీ తిరుగుబాటుదార్లకీ మధ్య కాల్పులు ఇంకా పూర్తిగా ఆగలేదని జనం చెప్పుకుంటున్న రోజులు. అక్కడికి వెళ్లమంటే అందరూ వంకలు వెతుక్కునేవారు.

పొమ్మనలేక పొగబెట్టడం అంటారు. నేను పెట్టింది సాంబ్రాణి పొగ. ఆ మేస్త్రి గురించి అరపేజీ రాసిచ్చాను, అచ్చుగుద్దినట్టుండే నా అక్షరాలతో. గోడని చూసి దాన్ని కట్టినవాడి మనసు చెప్పగలడనీ, ఇంత పనిమంతుణ్ని నేను చూడలేదనీ, ఇలాంటివాణ్ని కింద ఉంచడం కంపెనీకే నష్టమనీ రాశాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. నాలుగు నెలలుగా దొర దగ్గర మింగేసిన నిజమంతా ఆ కాగితం మీద కక్కాను. వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది.

ఇంట్లో ఈ సంగతి చెప్పాను, మంచి పని చేసినట్టే. మా ఆవిడ కూర కలుపుతున్నదల్లా గరిటె పక్కన పెట్టింది. "అటువైపు నుంచి దెబ్బలు తగిలినవాళ్లు వస్తున్నారని మా హాస్పిటల్లో చెప్పుకుంటున్నారు. మీకు తెలియదా?" అంది. హెడ్ మేస్త్రి అవుతాడే, మంచిదేగా అన్నాను. "ఆ మాట నాతో కాదు, అద్దంలో చూసుకుని చెప్పండి," అంది.

వెళ్లే ముందు మేస్త్రి మా గదికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, రూవి బజార్లో కొన్న ఖర్జూరం డబ్బా పట్టుకుని. కూర్చోమంటే కూర్చోలేదు. తిట్టడానికొచ్చాడేమోనని ముందు భయపడ్డాను.

"మేనేజరు చదివి ఇనిపిచ్చినాడు సార్, మీరు రాసింది," అన్నాడు. "ఇరవై ఏండ్లు తాపీ పట్టినా. తిట్టినోళ్లే గానీ నా పని గురించి పెద్దోళ్లతో ఇట్ల చెప్పినోడు ఒగడు ల్యా. దొర కూడా బాగుందంటాడు గానీ అంతకంటే ఏమీ అనడు గదా. మీ మేలు మర్సిపోను."

దొర ఏమన్నాడో అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. అయిదు ఇళ్ల మీద ఆయన అన్న ప్రతి మాటా నాకు కంఠతా వచ్చు. నోరు తెరిచాను కూడా. "నిజమే రాశాను మేస్త్రీ," అని మాత్రం అన్నాను. మా ఆవిడ అతనికి టీ ఇచ్చి, అటు జాగ్రత్తన్నా అని రెండుసార్లు చెప్పింది. నా వైపు చూడలేదు.

దొరకి సంగతి తెలిసింది శుక్రవారం నేను ఒంటరిగా వెళ్లినప్పుడు. ఎవరు పంపారు అన్నాడు. నేనే రాసిచ్చాను అన్నాను, పిచ్చి ధైర్యంతో. దొర చేతిలో ఉన్న ఇంజనుని బల్ల మీద పెట్టేశాడు. నేనైతే రాసి ఉండేవాణ్ని కాదు, ఈ గది కోసం అతని దారికి అడ్డం పడి ఉండేవాణ్ని, నువ్వు నాకంటే మంచివాడివి అన్నాడు. ఆ రోజు టీ తనే స్వయంగా పోశాడు. నాలుగు నెలలు నేను ఏ చూపు కోసం కుళ్లి చచ్చానో, ఆ చూపుతో నన్ను చూశాడు. అది నా మీద నిలవలేదు, నా ఒంటి మీద ఎవరిదో చొక్కా ఉన్నట్టనిపించింది.

చివరి ఇల్లు నేనే కట్టాను. మూడు వారాలు పట్టింది. అట్ట మీద ప్లాస్టర్ పూశాను, గొడుగు ఊచతో గీశాను. ఐదు పొడుగు, ఒకటి అడ్డం. కిటికీ రాయి కుంగదీశాను, మసి అద్దాను, మెట్టు నడిమి చోట తుడిచాను. మేస్త్రి చేసినదాంట్లో నేను చెయ్యనిదంటూ లేదు. నా జీవితంలో ఏ ప్లానూ అంత శ్రద్ధగా గీయలేదు.

దొర దాన్ని వీధి చివర పెట్టాడు. వెనక్కి జరిగి చూశాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. రైలు ఒక చుట్టు తిప్పి, దాని వైపు చూస్తూ ఆపేశాడు. ఏమీ అనుకోకు అన్నాడు. నిజానికి మా వీధి చివర ఇల్లు లేదు, యుద్ధంలో బాంబు పడింది, నాకు ఊహ తెలిసేసరికి అక్కడ ఉన్నది ఇటుకల గుట్టే, ఇల్లు ఉంటే బాగుంటుందని ఆశపడ్డాను గానీ అబద్ధంగా ఉంది అన్నాడు. నిజంగా బాంబు పడిందో, నన్ను నొప్పించకుండా అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. ఫోటోల్లో ఆ చివర కనబడదు. తెలిసిందల్లా ఒక్కటే, నా ఇంటికంటే అక్కడ ఇల్లు లేకపోవడమే ఆయనకి నయమనిపించింది.

ఆ గుట్ట చేసిపెడతావా అని అడిగాడు.

ఇంటికొచ్చి నేల మీద పాత పేపరు పరిచి కూర్చున్నాను. వేరే ప్లాస్టర్ కలపొచ్చు, కలపలేదు. ఆ ఇల్లే తీసుకుని చేతుల్తో విరిచాను. ముందు పైకప్పు, తర్వాత గోడలు. గీసిన ఇటుకలు గీతల వెంటే విరిగి ఒక్కొక్కటీ ఊడాయి. ఎంత కోపంగా విరిచానో వేళ్లు కోసుకుపోయాయి. మా ఆవిడ దూది, అయోడిన్ తెచ్చి పక్కన కూర్చుంది. సగం నిలబడ్డ గోడ ఒకటి, దాని మీద వేలాడే కిటికీ చట్రం, కింద ఇటుకలు, ఇటుకల్లో నలిగిన గాజు గుడ్డ తెర.

ఆ శుక్రవారం దాన్ని వీధి చివర పోసి అమర్చాను. దొర బల్ల అంచు పట్టుకుని వంగాడు. చాలాసేపటికి లేచాడు. కళ్లు తడిగా ఉన్నాయి. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ గదిలో నేను చేసినవాటిలో ఆయన్ని అలా కదిలించింది అదొక్కటే. దాచడమెందుకు, సిగ్గు లేకుండా సంతోషించాను. ఆ సంతోషం రైలు ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా కూడా నిలవలేదు. మేస్త్రి ఉంటే, దాన్ని కూడా నాకంటే బాగా పగలగొట్టి ఉండేవాడనిపించింది.